గిలటిన్ కింద మన వాటా

(ఒక జిల్లా సదస్సులో చేసిన ప్రసంగానికి రాత రూపం)



బడ్జెట్ మీద మాట్లాడతానంటే మన సభల్లో సగం మంది బీడీ తాగడానికి బయటికి పోతారు. అది చదువుకున్నోళ్ల సంగతి, మనకెందుకు అనుకుంటాం. బాబాసాహెబ్ అట్లా అనుకోలేదు. 1923లో రూపాయి సమస్య మీద, 1925లో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల మీద పుస్తకాలు అచ్చేసిన మనిషి ఆయన. ఖజానా తాళం ఎవరి చేతిలో వుందో చూడకుండా మన వాటా సంగతి తేలదు.

కరణం లెక్క ఎట్లా వుండేదో పెద్దవాళ్లకు తెలుసు. దున్నింది మనమైనా అడంగల్లో పేరు ఇంకొకడిది. 1984లో కరణాలు పోయారు. ఆ లెక్క మాత్రం ఢిల్లీలో కూర్చుంది.

ఎట్లాగంటారా? రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం శాఖల ఖర్చులు లోక్‌సభ ముందుకు డిమాండ్లుగా రావాలి. సభ ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, తగ్గించొచ్చు. పెంచే హక్కు లేదు. రాజ్యసభకైతే వాటి మీద ఓటే లేదు. సరే, ఉన్న హక్కన్నా వాడుతున్నారా? మామూలుగా నాలుగైదు శాఖల మీద మాట్లాడి, గడువు రోజు మిగతా డిమాండ్లన్నీ ఒక్కసారే ఓటుకు పెడతారు. దాన్నే గిలటిన్ అంటారు. ఫ్రాన్సులో రాజు తల నరికిన కత్తి పేరది. ఇక్కడ రాజుల తలలు భద్రంగానే వున్నాయి, తెగేది చర్చ. 2018 మార్చి 14న, మళ్లీ 2023 మార్చి 23న ఆ నాలుగైదు శాఖల మీద కూడా చర్చ లేదు. గోలలోనే అన్నీ పాసైపోయాయి. 2023లో అది 45 లక్షల కోట్ల బడ్జెట్. మన పేటలో బోరింగు బాగుచేయడానికి పంచాయతీలో ఇంతకన్నా ఎక్కువ సేపు వాదులాడతారు.

ఇక మన పద్దు. 1979లో స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ అన్నారు, జనాభా ఎంతో నిధులంత అన్నారు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో మనం 16.6 శాతం. నరేంద్ర జాదవ్ కమిటీ చెప్పాక 2011-12 నుంచి కేంద్ర బడ్జెట్లో మన పద్దుకు వేరే పట్టిక పెట్టారు. 2017-18లో ప్లాను, నాన్‌ప్లాను తేడా ఎత్తేశారు. దాంతో ప్లాను ఖర్చులో ఇంత శాతం అనే కొలబద్దే పోయింది. ఆ పట్టిక విప్పి చూడండి. ఎరువుల సబ్సిడీలో ఒక ముక్క, ఉపాధి హామీలో ఒక ముక్క, అన్నీ మన సంక్షేమం కిందే! సెంటు భూమి లేనోడి పేరున యూరియా. ఎండలో మట్టి తవ్వి తెచ్చుకున్న కూలీ కూడా మనకు చేసిన మేలట!

2010లో దళితుల నిధులు కామన్వెల్త్ క్రీడలకు మళ్లాయని హోంమంత్రి రాజ్యసభలో ఒప్పుకోవాల్సొచ్చింది. అది ముందు పట్టుకున్నది పార్లమెంటు కాదు. బయటి సంఘాలు సమాచార హక్కు కింద కాగితాలు లాగితే తేలింది.

స్థాయీ సంఘాలు లేవా అంటారు. 1993 నుంచి వున్నాయి, మంచి పని కూడా చేశాయి. కానీ వాటి మాట ప్రభుత్వం వినాలని లేదు. కోత తీర్మానం లాంటిదేదీ సూచించకూడదని నిబంధనే వుంది. అసలు చిక్కు ఇంకోచోట వుంది. ఏ సంఘం తన శాఖల డిమాండ్లే చూస్తుంది. మన వాటా అన్ని శాఖల్లో చెల్లాచెదురుగా వుంటుంది. దాన్ని కూడగట్టి, ఓటుకు ముందే ఇది అసలుదా బోగసా అని అడిగేవాడు లేడు. ఎస్సీ, ఎస్టీల సంక్షేమ సంఘంలో 30 మంది సభ్యులున్నారు గానీ డిమాండ్లు చూసే పని వాళ్లకి అప్పగించలేదు. కాగ్ వచ్చేది ఖర్చయ్యాక, అంటే శవపరీక్షకి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. ఊరికే రాలేదు, కొట్లాడితే వచ్చింది. తెలంగాణ 2017లో వేరే చట్టం చేసి, మిగిలిన నిధుల్ని మరుసటేడుకి కలపాలని రాసుకుంది. వాటి అమలు మీద చెప్పుకుంటే తెల్లారుతుంది. కేంద్రంలో మాత్రం చట్టమే లేదు. ఆ చట్టం కావాలి. సభ్యులకు లెక్కలు విప్పి చెప్పే బడ్జెట్ ఆఫీసు పార్లమెంటుకే సొంతంగా కావాలి. దక్షిణాఫ్రికా 2009లో చట్టం చేసి, బడ్జెట్‌ను సవరించే దారీ, అట్లాంటి ఆఫీసూ తన పార్లమెంటుకి ఇచ్చుకుంది. మనకేం రోగం?

లోక్‌సభలో మన రిజర్వుడు సీట్లు 84. 1932 పూనా ఒప్పందం నుంచి ఇదే బాధ: సీటు మనది, బీఫారం పార్టీది, విప్పు పార్టీది. అయినా ఫిరాయింపుల చట్టం వేటు పడేది ఓటు దగ్గర. నోటీసు ఇవ్వడానికి దమ్ముంటే చాలు. డిమాండులో వంద రూపాయలు తగ్గించాలని ఏ సభ్యుడైనా కోత తీర్మానానికి నోటీసు ఇవ్వొచ్చు. వంద ముఖ్యం కాదు, దాని కింద రాసే ఫిర్యాదు ముఖ్యం. గిలటిన్ పడితే అదీ పోతుంది, నిజమే. కానీ ఎవరిచ్చారో, ఎవరివ్వలేదో కాగితం మీద వుంటుంది.

ఫిబ్రవరి 1న బడ్జెట్ పెట్టాక స్థాయీ సంఘాల కోసం సభకు విరామం ఇస్తారు. ఎంపీలు ఊళ్లకొచ్చేది అప్పుడే. మన పట్టికలో బోగస్ పద్దులు మూడు ఏరి, నోటీసు మనమే తెలుగులో రాసి ఆయన చేతిలో పెడదాం. టీ తాగించి పంపిస్తాడు, లేచి రావద్దు. సంతకం పెట్టాకే రండి.