మన గుడిసె ఉన్న కథలు

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నచ్చిన నవలలు, కథల పుస్తకాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉద్యోగ పరీక్షల పుస్తకాల గురించి అడగలేదు, సంతోషం. అవి మీకు ఎలాగూ తప్పవు. కథల పుస్తకం చదవమని మాత్రం మన పిల్లలకు చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఈ రోజు కొన్ని పేర్లు చెబుతాను. ఏది ఎందుకు నచ్చిందో, ఎక్కడ నాకు పేచీ ఉందో కూడా చెబుతాను.

ముందుగా డాక్టర్ కేశవరెడ్డి. చిత్తూరు జిల్లాలో పుట్టారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ బతికారు. 2015లో పోయారు. ఆయన రాసిన 'చివరి గుడిసె' యానాదుల నవల. మన పేరు, మన బతుకు మధ్యలో పెట్టి తెలుగులో ఒక పెద్ద రచయిత నవల రాశాడని మనలో చాలామందికి తెలియదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే మనిషిని దొంగను చేసే చట్టమది. దేశమంతటా 1952 దాకా పూర్తిగా రద్దు కాలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మన గుడిసెల్లోకి వచ్చి వెతకడం మన అవ్వాతాతలకు తెలుసు. చరిత్ర పుస్తకంలో ఈ చట్టం ఒక పేరాలో అయిపోతుంది. దాని కింద నలిగిన మనిషికి రాత్రి ఎలా గడిచేదో తెలియాలంటే కథ కావాల్సిందే. నా జాబితాలో అందుకే ఇది మొదటిది.

ఆయనదే 'అతడు అడవిని జయించాడు'. చిన్న నవల, రెండు మూడు కూర్చోళ్ళలో అయిపోతుంది. మందలో సూడి పంది ఒకటి ఇంటికి రాలేదు. ముసలాయన దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. కథంతా దాదాపు ఒక్క రాత్రే. నక్కలు, చీకటి, ఆయన బల్లెం, ఆయన అనుభవం. దీన్ని చాలామంది అమెరికా రచయిత హెమింగ్వే 1952లో రాసిన 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ'తో పోలుస్తారు. అందులో క్యూబా దేశపు ముసలి జాలరి 84 రోజులు ఒక్క చేప కూడా పడక, చివరికి పెద్ద చేపను పడతాడు. ఒడ్డుకు తెచ్చేలోపు సొరచేపలు దాన్ని తినేస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. సముద్రం, ఏరు, అడవి మూడూ తెలిసిన మనకంటే వీటి మీద మాట్లాడే హక్కు ఎవరికి ఉంది?

మూడోది 'చెమ్మీన్'. మలయాళంలో తకళి శివశంకర పిళ్ళై 1956లో రాశారు. చెమ్మీన్ అంటే రొయ్య. మరుసటి ఏడాదే సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. 1965లో సినిమా కూడా వచ్చింది. మత్స్యకారుల అమ్మాయి కరుత్తమ్మ, వేరే మతం అబ్బాయి పరీక్కుట్టి ప్రేమ కథ. పడవ, వల కొనాలన్న తండ్రి ఆశ ఆ ఇంటిని ఏం చేసిందో చదువుతుంటే మన తీరంలో అప్పు చేసి వల కొన్నవాళ్ళు గుర్తొస్తారు. నా పేచీ ఇక్కడే ఉంది. ఒడ్డున ఆడది నియమంగా ఉంటేనే సముద్రం మీద మగవాడు క్షేమంగా తిరిగొస్తాడన్న నమ్మకం మీద ఆ కథంతా నిలబడింది. రాసినాయన ఆ కులంవాడు కాదు. రోజూ వల లాగే ఆడవాళ్ళు ఆ కథ రాసుంటే ఇలాగే రాసేవారా? ఈ ప్రశ్న మన చెల్లెళ్ళు అడగాలి.

నాలుగోది 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ అనే నల్లజాతి అమెరికన్ 1976లో 'రూట్స్' రాశాడు. సహవాసి తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలో పట్టి, గొలుసులు వేసి తీసుకుపోయిన కుంటా కింటే నుంచి కథ మొదలవుతుంది. ఇంట్లో ముసలమ్మలు చెప్పుకున్న మాటల్ని పట్టుకుని హేలీ తన మూలం వెతుక్కున్నాడు. ఇక్కడున్న వాళ్ళలో ముత్తాత పేరు చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది? శ్రీహరికోట అడవిలో పుట్టి, రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అక్కడి నుంచి కదిలిన ఇళ్ళ పిల్లలు మీలో ఉంటారు. 1971లో అక్కడ నుంచి మొదటి రాకెట్ ఎగిరిన సంగతి బడి పుస్తకంలో ఉంది. ఆ దీవిలో ఏ చెట్టు కింద ఎవరి గుడిసె ఉండేదో మీ అవ్వ నోట్లోనే ఉంది.

ఐదోది మన జిల్లాదే. కావలి వాడైన మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన 'దర్గామిట్ట కతలు'. నవ్వు వస్తుంది, నవ్వుతుండగానే గొంతు పట్టుకుంటుంది. పేద ముస్లిం ఇంటి పిల్లవాడు తన ఇంటి గురించి, తన వీధి గురించి నెల్లూరు మాటలోనే చెబుతాడు. మన మాట పుస్తకంలోకి పనికిరాదని అనుకునేవాళ్ళు ముందు ఇది చదవాలి.

చివరగా, మనలాంటి గిరిజన ఇళ్ళ నుంచే వచ్చినవాళ్ళు రాసినవి. ఉత్తరాంధ్ర ఏజెన్సీ కథలు మల్లిపురం జగదీశ్ 'శిలకోల'లో ఉన్నాయి. తెలంగాణ తండా నుంచి రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలు రాశాడు. దానికి 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆ అబ్బాయికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

ఇప్పుడు అసలు మాట. మన గురించి చాలాకాలంగా ఎవరెవరో రాస్తున్నారు. పోలీసు రికార్డులో దొంగలని రాశారు. దొరల పుస్తకాల్లో వింత మనుషులని రాశారు. మంచి మనసున్న రచయితలు జాలిగా రాశారు. జాలి తిట్టు కంటే మేలే. అయినా జాలి కథల్లో మనవాడు ఎక్కువసార్లు చివరికి ఓడిపోతాడు, లేదా చచ్చిపోతాడు. మన ఇళ్ళలో అదొక్కటే జరగలేదు కదా. బొక్కకు ఊదర పెట్టి ఎలుకలు పట్టేటప్పుడు మన నాయనలు వేసుకునే జోకులు, నీళ్ళలో చెయ్యి పెట్టి ఎండ్రకాయ ఎక్కడుందో చెప్పే మన అమ్మల నేర్పు, బాకీ కింద గుంట కాడ కాపలాకు కట్టుబడిపోయినవాడు ఒక రాత్రి పిల్లల్ని ఎత్తుకుని బయటపడిన ధైర్యం, ఇవన్నీ ఏ కథలో ఉన్నాయి?

అందుకని పుస్తకం చదివి బాగుంది, బాలేదు అని ఊరుకోవద్దు. నేను చెప్పే పద్ధతి చాలా తేలిక. మీ ఊరి పక్క శాఖా గ్రంథాలయంలో చేరండి. ఒక పుస్తకం ఇద్దరు ముగ్గురు కలిసి తెచ్చుకోండి. సాయంత్రం పూట సెల్లు పక్కన పెట్టి ఒక పది పేజీలు అమ్మకో, అవ్వకో గట్టిగా చదివి వినిపించండి. ఆమెకు అక్షరాలు రాకపోవచ్చు. ఎర వెయ్యడం, వల విసరడం, ఆకలి, పోలీసు భయం ఆమెకు తెలిసినంతగా ఏ విమర్శకుడికీ తెలియవు. "అవ్వా, ఇది నిజమేనా?" అని అడగండి. "అట్లా కాదురా, అప్పుడు మేం ఏం చేసేవాళ్ళమంటే..." అని ఆమె మొదలుపెడుతుంది. ఆ మాటను ఆమె చెప్పినట్టే నోటుబుక్కులో రాసుకోండి. మన కథ మొదటి పేజీ అదే అవుతుంది.

వచ్చే సమావేశానికి ఒక్కొక్కరు ఒక పుస్తకం పేరుతో రండి. నా జాబితాలో ఏది ఎందుకు నచ్చలేదో కూడా చెప్పండి, వింటాను. ఆ నోటుబుక్కు మాత్రం మర్చిపోకుండా తీసుకురండి.

సెలవు.