ఎవరి సైన్యం, ఎవరి జీతం?
(శంషాబాదులో ఇచ్చిన సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం)



సురవరం వారి గోలకొండ పత్రిక గురించి, 1934 నాటి గోలకొండ కవుల సంచిక గురించి, 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజామాంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షత వహించడం గురించి ఈ సభకు నేను చెప్పేదేమీ లేదు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' నుంచి నేను పట్టుకున్నది ఒక్క పద్ధతి. రాజు ఏ కోట గెలిచాడని కాక, అప్పట్లో జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎవరికి ఎంత అచ్చుకున్నారు అని అడగడం. ఆ పద్ధతిలోనే ఇవాళ ఒక ప్రశ్న వేస్తాను. నిజాం రాజ్యంలో జనం ఇంగ్లీషువారి మీద కత్తి ఎత్తేదాకా ఎలా వచ్చారు? నా జవాబు ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచుకునే ఓపిక నాకు లేదు. సైన్యం జీతం దగ్గర వచ్చారు.

ఇదేమీ హైదరాబాదుకే పట్టిన తగాదా కాదు. అమెరికాలో స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్ళు తమ రాజు మీదే తిరగబడింది కూడా ఇక్కడి నుంచే. ఏడేళ్ళ యుద్ధం 1763లో ముగిసింది. అక్కడ ఉంచిన పటాలాల ఖర్చు మీరే భరించమని లండను అంది. 1765లో స్టాంపు పన్ను వేశారు, 1773లో బోస్టను రేవులో టీ పెట్టెలు నీళ్ళపాలయ్యాయి, 1776లో స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది. ఆ టీ మన ఈస్టిండియా కంపెనీదే. 1781లో యార్క్‌టౌను దగ్గర ఓడి లొంగిపోయిన కారన్‌వాలిసే అయిదేళ్ళకు గవర్నర్ జనరలుగా కలకత్తాలో దిగాడు. టిప్పు మీద యుద్ధంలో నిజాంను జత కట్టుకుని 1792లో గెలిచాడు. అక్కడ చెల్లని దొర ఇక్కడ చెల్లాడు. ఎందుకు చెల్లాడన్నదే అసలు కథ.

తొలి నిజాం అసఫ్‌జా వచ్చిన 1724 నుంచి సుమారు డెబ్బయ్యేళ్ళ కథను దాటేస్తున్నాను. మీకు తెలిసిందే. మీతో ఒక మాట, అది నాకు నిద్ర తెప్పించే భాగం.

1798 దగ్గర ఆగుదాం. నిజాం అలీఖాన్ కొలువులో అప్పటికి రేమండ్ తయారుచేసిన ఫ్రెంచి పటాలాలు ఉండేవి. ఆ మార్చిలో రేమండ్ పోయాడు. అక్టోబరులో కంపెనీవాళ్ళు ఆ పటాలాల చేత ఆయుధాలు దింపించారు. జీతం బకాయిలు పడి సిపాయిలు తమ ఫ్రెంచి దొరల మీదే మండిపడుతుండడం వాళ్ళకు కలిసొచ్చింది. గమనించండి, బకాయి అన్న మాట ఇక్కడే మొదటిసారి తగిలింది. వాళ్ళ చోట్లో కంపెనీ సైన్యం దిగింది, ఏటా 24,17,100 రూపాయల మీద. ఈ డబ్బు నగదుగా ఇచ్చుకోలేక 1800 సంధిలో కడప, బళ్ళారి ప్రాంతాలను శాశ్వతంగా రాసిచ్చారు. దత్తమండలాలు అలా పోయాయి. టిప్పు దగ్గర గెలుచుకున్న వాటా కంపెనీ జీతాలకే వెళ్ళిపోయింది.

అంతటితో లెక్క తేలిపోవాలి కదా? తేలలేదు. నా జీవితంలో మంచి భాగం ఈ "తేలలేదు" వెనకాలే గడిచింది కనుక ఇక్కడ కాస్త తీరిగ్గా మాట్లాడనివ్వండి.

సంధి ప్రకారం యుద్ధం వస్తే నిజాం తన సైన్యాన్ని పంపాలి. ఆ సైన్యం పనికిరానిదని చెప్పి, హెన్రీ రసెల్ రెసిడెంటుగా, అంటే నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధిగా ఉన్నప్పుడు, కొత్త దళం ఒకటి తయారుచేశారు. ముందు దాన్ని రసెల్ బ్రిగేడు అన్నారు, తర్వాత హైదరాబాదు కంటింజెంటు అయింది. ఇది సంధిలో ఎక్కడా లేదు. దొరలు ఇంగ్లీషువాళ్ళు, ఆజ్ఞ రెసిడెంటుది, జీతం మాత్రం నిజాంది. ఖర్చు ఏటా సుమారు 40 లక్షలు. పాపం అంతటికీ నిజామే ఇచ్చుకుంటాడని కంటింజెంటు దొరలే నవ్వుకునేవారట.

పేష్కారు చందూలాల్ ఈ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చాడు? పామర్ కంపెనీ దగ్గర అప్పు చేశాడు. విలియం పామర్ ఒక ఇంగ్లీషు జనరలుకూ లక్నో బేగంకూ పుట్టినవాడు. 1814లో రెసిడెన్సీ నీడలో కొఠీ పెట్టి నూటికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు వడ్డీకి అప్పిచ్చాడు. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ పెంచిన అమ్మాయి భర్త రంబోల్డ్ అందులో భాగస్వామి. 1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ ఈ గుట్టు బయటపెట్టి కలకత్తాతో వైరం తెచ్చుకున్నాడు. చివరికి అప్పు తీర్చడానికి కంపెనీయే డబ్బిచ్చింది, ఊరికే కాదు. ఉత్తర సర్కార్లకు కంపెనీ ఏటా నిజాంకు చెల్లించాల్సిన ఏడు లక్షల పేష్కష్‌ను శాశ్వతంగా వదిలేయించుకుని, అందుకు బదులుగా ఒక కోటి 16 లక్షల పైచిలుకు ఇచ్చింది. అంటే శ్రీకాకుళం, రాజమండ్రి, మచిలీపట్నం ప్రాంతాల మీద నిజాంకు మిగిలిన చివరి రాబడి ఒక సాహుకారు వడ్డీ కింద పోయింది.

తర్వాత కూడా కంటింజెంటు జీతాలు ఆగుతూనే వచ్చాయి, కంపెనీ చేబదులు ఇస్తూనే వచ్చింది. 1853 మే నాటికి బాకీ నలభై లక్షలు దాటింది. గవర్నర్ జనరల్ డల్హౌసీ వత్తిడి మీద బేరారు, ధారాశివ్, రాయచూరు దోఅబ్ అప్పగిస్తూ నిజాం నాసిరుద్దౌలా సంతకం పెట్టాడు. కొన్నాళ్ళకే దివాన్ సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు. ఆ చోట్లోకి ఇరవై నాలుగేళ్ళ సాలార్‌జంగ్ వచ్చాడు.

ఇక్కడ శంషాబాదు మాట చెప్పాలి. మనం కూర్చున్న ఈ నేల షంసుల్ ఉమ్రాల పాయిగా జాగీరు, ఊరి పేరు వారిదే. పాయిగా అమీర్లకు జాగీర్లు ఇచ్చింది దేనికి? నిజాం సొంత అశ్వదళాన్ని పోషించడానికి. అంటే ఈ చుట్టుపక్కల రైతు కట్టిన శిస్తు ఒక సైన్యానికి పోయేది, బేరారు పత్తిరైతు శిస్తు మరో సైన్యానికి పోయేది. రాజ్యం మొత్తం సైన్యాల కింద రాసిచ్చిన పొలమే. ఆ రెండు సైన్యాలలోనూ చోటు దొరకని రొహిల్లాలు, అరబ్బులు కిరాయి సిపాయిలుగా నగరంలో ఉండేవారు. వాళ్ళ జీతాల బకాయిలు ఎన్నటికీ తెగేవి కావు.

1857 జులైలో రగిలింది ఈ ఎండుగడ్డే. సిపాయిలు తిరగబడ్డ ఢిల్లీ మీదికి వెళ్ళమంటే కంటింజెంటు అశ్వదళంలో కొందరు ఒప్పుకోలేదు. జమేదారు చీదాఖాన్ తనవాళ్ళతో హైదరాబాదు చేరాడు. సాలార్‌జంగ్ అతన్ని పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. జులై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు అయ్యాక జనం ఆగ్రహించారు. తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడవగా సుమారు 500 మంది రొహిల్లాలు రెసిడెన్సీ మీదికి కదిలారు. పుత్లీబౌలి వైపు అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే సాహుకార్ల ఇళ్ళు ఆక్రమించి రాత్రంతా కాల్పులు జరిపారు. సాలార్‌జంగ్ ముందే కబురు పంపాడు కనుక రెసిడెంటు డేవిడ్‌సన్ సిద్ధంగానే ఉన్నాడు. మేజర్ బ్రిగ్స్ ఫిరంగులు తెల్లవారుజాముకల్లా వాళ్ళను వెనక్కు నెట్టాయి. తుర్రేబాజ్ దొరికాడు, మౌల్వీ ఆచూకీ అడిగితే చెప్పలేదు. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకుని, కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. తల మీద ప్రకటించిన బహుమానం అయిదు వేలు. మౌల్వీని అండమానుకు పంపారు.

ఇది కేవలం రొహిల్లాల దోపిడీ అని ఒక వర్గం చరిత్రకారులు రాశారు, రాస్తున్నారు. వారితో నాకు పాత కక్ష ఉంది, దాన్ని ఇవాళ ఇంటికి తీసుకుపోదలచుకోలేదు. దోపిడీకి వచ్చినవాడు బేగంబజారు కొట్లు వదిలి ఫిరంగులున్న రెసిడెన్సీ మీదికి ఎందుకు పోతాడు? ఆ కొట్లలో డబ్బుంది, రెసిడెన్సీలో తుపాకులున్నాయి. ఈ చిన్న ప్రశ్నకు వారి పుస్తకాల్లో జవాబు దొరకదు. వారి ఆధారాలన్నీ రెసిడెన్సీ కచేరీలో రాసిన నివేదికలే కనుక దొరకదు. దొంగను పట్టుకున్నామని ఠాణాలో రాసుకున్న కాగితం మీద దొంగ మాట ఉంటుందా? రెండో వర్గం దీన్ని పూర్తి జాతీయోద్యమం చేసి, ఆ రాత్రి అందరి నోటా భారతమాత పేరు వినిపించినట్టు రాస్తుంది. అది కూడా నాకు మింగుడు పడదు. అంతకన్నా విసుగు పుట్టించేది మూడో వర్గం. సాలార్‌జంగ్ ద్రోహా, దూరదర్శా అని వీళ్ళ వాదం ఏళ్ళతరబడి సాగుతూనే ఉంది, చాయ్ చల్లారినా సాగుతుంది. సాలార్‌జంగ్ ఏమిటో తేల్చడానికి ఆయన మనసులో దూరనక్కరలేదు, ఖజానా చూస్తే చాలు. బొంబాయి గవర్నరు నిజాం చేజారితే అంతా పోయినట్టేనని తంతి పంపాడు. అంత విలువైన చేతిని సాలార్‌జంగ్ చాచాడు. 1860లో దాని ధర అందింది. యాభై లక్షల బాకీ మాఫీ అయింది, ధారాశివ్, రాయచూరు తిరిగొచ్చాయి, సురపురం కూడా కలిసింది. బేరారు మాత్రం రాలేదు. కత్తి ఎత్తినవాడికి తుపాకీ గుండు, ఆ కత్తి ఆపినవాడికి అప్పు రద్దు. రెండూ ఒకే ఖాతాలోవి. తుర్రేబాజ్ నినాదం జీతం అని నేను అనడం లేదు. ఫిరంగీలు మా డబ్బుతోనే మా మీద సైన్యం కూర్చారన్న కోపం మతం మాటల్లో పైకొచ్చిందంటున్నాను. 1859 మార్చిలో దర్బారు ముగించి వస్తున్న డేవిడ్‌సన్, సాలార్‌జంగ్‌ల మీద జహంగీర్‌ఖాన్ తుపాకీ పేల్చాడు. ఆ ఇద్దరినీ ఒకే గురిలో పెట్టాలని అతనికి తోచిందంటే ఖాతా ఒకటేనని బజారుకు తెలిసినట్టే.

నా మీద కోప్పడే మిత్రులు ముందు వరుసలోనే ఉన్నారు, వారి ముఖాలు చూస్తున్నాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మిగిలింది పరుగే.

1883లో చాందా రైలు పథకాన్ని ప్రశ్నించినందుకు విద్యావేత్త అఘోరనాథ్ ఛటోపాధ్యాయ బహిష్కారానికి గురయ్యారు. బేరారును 1902లో ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు కింద రాయించుకున్నారు, మరుసటి ఏడు కంటింజెంటు ఇండియా సైన్యంలో కలిసిపోయింది. ఏడో నిజాం బేరారు తిరిగి ఇమ్మని అడిగితే, 1926లో వైస్రాయ్ రీడింగ్ ఇచ్చిన జవాబు సారం ఒక్కటే: పై అధికారం మాది, వాదించకు. 1936లో బేరారుకు బదులు కొడుక్కు "బేరారు యువరాజు" అన్న బిరుదు దక్కింది. ఈలోగా 1921లో ఆంధ్ర జనసంఘం, తర్వాత సురవరం వారి జోగిపేట, 1938లో స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం, ఉస్మానియాలో వందేమాతరం ఆపమన్నా ఆపని హాస్టలు పిల్లలు, 1942 నాటి క్విట్ ఇండియా. 1946 జులై 4న కడవెండిలో రైతు పోరాటంలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తేదీనే అమెరికావాళ్ళు స్వాతంత్ర్యం జరుపుకుంటారు, కాకతాళీయమే. 1947 ఆగస్టు 15న మనకు స్వాతంత్ర్యం రాలేదు, ఆ నవంబరులో ఇండియాతో యథాతథ ఒప్పందం మాత్రం వచ్చింది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన పోలీసు చర్య మీ తాతముత్తాతలు చూసిందే.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టంతో పాయిగా పోయింది. సైన్యం పేర రాసిచ్చిన శంషాబాదు శిస్తు సర్కారు ఖజానాలో కలిసింది. ఆ నేలలో సుమారు అయిదున్నర వేల ఎకరాలు విమానాశ్రయం కిందకు వెళ్ళి, 2008 మార్చిలో అక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. ఆ సేకరణ కథను ఎవరైనా యువ పరిశోధకులు జాగీరు కాలపు శిస్తు దస్తావేజుల దగ్గర నుంచి మొదలుపెట్టి రాయాలి. తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాగారంలో నిజాం కాలపు దఫ్తరు ఉంది, ఎక్కువ భాగం ఫారసీ, ఉర్దూ. చదవగలిగేవారు నన్ను కలవండి, ఏ కట్టలతో మొదలుపెట్టాలో చెబుతాను.