ఇసుక నేలలో తోపు వేసే ముందు
(కారంపూడిలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బాపట్ల, చీరాల వైపు ఇసుక భూములు కొని చెట్లు వేయవచ్చునా అని మన సభ్యులు కొందరు నన్ను అడుగుతున్నారు. అటవీశాఖలో నా ఉద్యోగం చాలావరకు ఆ తీరంలోనే గడిచింది. గ్రాట్యుటీ డబ్బుతో వ్యవహారం గనుక నిక్కచ్చిగానే చెబుతాను.

టేకు ఆలోచన మానుకోండి. దానికి లోతైన, సారం గల నేల కావాలి. 1990లలో టేకు తోటల పేరుతో వాటాలు అమ్మినప్పుడు నేల ఎటువంటిదని అడిగినవారు తక్కువ. 1999లో సెబీ నిబంధనలు వచ్చేసరికే ఎందరి సొమ్మో చిక్కుకుపోయింది.

సరుగుడు సంగతి వేరు. దాని వేరు బుడిపెలలో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. అందుకే సత్తువ లేని ఇసుకలోనూ నిలబడుతుంది. 1977 నవంబరు ఉప్పెన తరువాత తీరం వెంట గాలికి అడ్డుగా పెంచినదీ ఎక్కువగా ఇదే.

అయితే ఇసుక అంతా ఒకటి కాదు. మనం రేగడి ఎరిగినవాళ్ళం, నెర్రెలు చూసి నేల గుణం చెప్పేస్తాం. ఇసుక పైకి ఏమీ చెప్పదు. మే నెలలో నిలువెత్తు గొయ్యి తీయించాలి. వానాకాలంలో ఏ గొయ్యి అయినా చెమ్మగానే ఉంటుంది. అమ్మేవారు చూపించేదీ అప్పుడే! చెమ్మ ఎన్ని అడుగులకు తగిలిందో కొలవండి. పంచదారలా గరగరలాడే ముతక ఇసుకలో నీరు ఆగదు. వేళ్ళ మధ్య మెత్తగా నలిగే సన్న ఇసుక కొంత పట్టి ఉంచుతుంది. లోతున బంకమట్టి పొర ఉంటే మేలే గాని, అది మరీ పైకి ఉంటే వానలకు నీరు నిలిచి వేళ్ళు దెబ్బతింటాయి.

దొరువులో నీళ్ళు నోట వేసుకుని చూడండి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. మోటారు పెట్టి అదేపనిగా తోడితే ఉప్పు పైకి వస్తుంది. ఇరుగుపొరుగు తోపులలో మొక్కల తలలు ఎండుతున్నాయేమో కూడా గమనించండి. నిలువెత్తు లోతునా చెమ్మ లేకపోతే, ఎంత చవకైనా ఆ బేరం వద్దు.

నాగులేటి ఒడ్డున ఇసుక మేట వేసిన పొలాలున్నవారూ ఇలాగే గొయ్యి తీసి, అడుగున రేగడి ఎంత లోతున ఉన్నదో చూడాలి. పరీక్షకు మట్టి పంపేటప్పుడు ఏ పొరకు ఆ పొర వేరే సంచిలో కట్టి, లోతు రాసిన చీటీ పెట్టండి. అన్నీ కలిపి పంపితే ఉప్పు ఏ పొరలో ఉన్నదో పరీక్షించేవారు చెప్పలేరు.