ఆ ఇటుకలు కోసినోళ్ల లెక్క ఎవరి దగ్గరున్నది?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి దాక చదువుకున్న. లోన్ల రికవరీ గురించి మాట్లాడుమంటే కాగితం లేకుండానే చెప్తా. ఇయ్యాల చెప్పేది వెట్టిచాకిరీ గురించి. వెట్టి మన తాతల కాలంలనే పోయింది కదా, ఇప్పుడెక్కడిది అని మీరు అనుకోవచ్చు. నేనూ అట్లనే అనుకున్న. అందుకే మొదలు నా తప్పు చెప్పి తర్వాత మిగతాది చెప్తా.

మాకు ఇందిరమ్మ ఇల్లు మంజూరయింది. బేస్‌మెంట్ అయినంక లక్ష రూపాయలు పడ్డయి. పెద్దపల్లి దిక్కు ఒక బట్టీల ఇటుక రూపాయి తక్కువకు వస్తదని తెలిసి, మా ఆయన, నేను ట్రాక్టర్ మాట్లాడుకొని పోయినం. లోడు ఎత్తేదాక నేను పక్కకు కూసున్న. అక్కడ పచ్చి ఇటుకలు పేర్చి గుడిసెలు కట్టుకున్నరు, నిలబడి లోపలికి పోరాదు, వంగి దూరాలె. తొమ్మిది పదేండ్ల పిల్ల ఎండల ఇటుకలు తిప్పేస్తున్నది. గుడిసెల వాళ్ల అమ్మ జ్వరంతోటి పండుకున్నది. వచ్చీరాని తెలుగుల గోలి ఉన్నదా అని అడిగింది. దవాఖానకు పోరాదా అంటే, మున్షీ పోనియ్యడు అన్నది. మొగడు బయటికి పోతే పెండ్లాం పిల్లలు బట్టీల ఉండాల్నట, అందరు కలిసి పోతే తిరిగి రారని భయమట.

నా సంచిల ఉన్న జ్వరం గోలీలు ఇచ్చిన. లోడు నిండింది, వచ్చినం. ఆ ఇటుకలతోటే గోడలు లేచినయి.

వాళ్లు ఒడిశాల బలంగీర్, నువాపడ దిక్కు జిల్లాలోళ్లు. అక్కడ వానకాలం పంట మీదనే బతుకు. నువాఖాయి పండుగ అప్పుడు చేతుల పైసలు ఉండయి. సర్దార్ అనే మధ్యవర్తి వచ్చి అడ్వాన్సు ఇస్తడు. మొగడు, పెండ్లాం, పిల్ల కలిపి ఒక జట్టు లెక్క. దీపావళి దాటినంక రైలెక్కించి తెస్తరు, ఎండాకాలం పోయేదాక ఇక్కడనే. వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. వారం వారం తిండికి ఖర్చీ ఇచ్చి, అసలు లెక్క సీజన్ చివర చేస్తరు. వాన పడి పచ్చి ఇటుక కరిగితే ఆ కష్టం కూలోనిదే. రాసేది మున్షీ, చదివేది మున్షీ. అన్ని బట్టీలు ఇట్లనే అని నేను అనను, మంచిగ చూసుకునే యజమానులు కూడ ఉన్నరు. ఒడియా పిల్లలకు బట్టీల దగ్గరనే బడి నడిపిన చోట్లున్నయి.

వద్దంటే ఏమైతదో కూడ చెప్పాలె. 2013 డిసెంబరుల కలహండి జిల్లాకు చెందిన ఇద్దరు కూలీల కుడిచేతులు నరికిన్రు. అడ్వాన్సు తీసుకొని చెప్పిన చోటికి రామన్నందుకు సర్దార్లు చేసిన పని అది.

అక్కా, అప్పు మనమూ తీసుకుంటున్నం కదా, మరి మనం వెట్టోళ్లమా అని మా సంఘంల ఒకామె అడిగింది. మంచి ప్రశ్న. నాకు రెండు రోజులు జవాబు దొరకలే. తర్వాత నా పాసుబుక్కు తీసి చూసిన. నా అప్పు ఎంతో, వడ్డీ ఎంతో, ఎన్ని కిస్తీలు కట్టిన్నో అన్నీ అందుల ఉన్నయి. అది నా ఇంట్లనే ఉంటది. అప్పున్నా నేను మా అమ్మగారింటికి పోతా, కూలికి ఎవ్వరి చేన్లకన్నా పోతా. ఆ ఒడియా చెల్లె లెక్క ఆమె దగ్గర లేదు, ఆమె కాలు ఆమె చేతుల లేదు. తేడా అంత ఇక్కడనే ఉన్నది.

మన ఇండ్ల సంగతి చూడుండ్రి. మన కరీంనగర్, జగిత్యాల మొగోళ్లు గల్ఫ్‌కు పోతున్నరు. మా అన్న కూడ పోయిండు. ఏజెంటుకు కట్టనీకి అప్పు చేసినం. అక్కడ దిగంగనే పాస్‌పోర్టు గుంజుకున్నరు. చెప్పిన పని ఒకటి, చేయించింది ఒకటి. జీతం ఆగితే అడగరాదు, ఇంటికి రారాదు. అప్పుడు మా వదిన ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ యాదికొస్తది. ఆ కంపెనీని తిట్టిన నోరే బట్టీల గమ్మున ఉన్నది.

కట్టు బానిస పనిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం అట్లాంటి అప్పు కట్టే పని లేదు, అది రద్దయినట్టే. పెట్టుకున్నోళ్లకు మూడేండ్ల దాక జైలు, రెండు వేల దాక జరిమానా. ఢిల్లీ ఏషియాడ్ పనుల కూలీల కేసుల 1982లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: కనీస కూలి కంటే తక్కువ ఇచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరే. ఈ సంగతి కలెక్టర్‌కు, ఆర్డీవోకు చెప్పాలె. విచారణల నిజమైతే విడుదల పత్రం ఇస్తరు. వెంటనే 30 వేల దాక సాయం, తర్వాత పునరావాసం కింద మొగోళ్లకు లక్ష, ఆడోళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసులకు మూడు లక్షలు. ఆ పత్రం లేకుంటే వాళ్లు ఊరికి పోయినా వచ్చే ఏడు మళ్ల అదే సర్దార్ చేతుల పడుతరు. అందుకే విడిపించినం అని చప్పట్లు కొట్టి ఊకోవద్దు, పత్రం చేతికి వచ్చిందా అని అడగాలె.

అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల 2021ల ప్రపంచంల 2 కోట్ల 80 లక్షల మంది బలవంతపు చాకిరీల ఉన్నరు. బ్రిటన్‌ల 2015ల ఒక చట్టం చేసిన్రు. 3 కోట్ల 60 లక్షల పౌండ్లు దాటిన వ్యాపారం చేసే కంపెనీలు, తాము కొనే సరుకు ఎక్కడ తయారైతున్నది, అందుల బానిస చాకిరీ లేకుండ ఏం చేస్తున్నం అని ఏటేటా రాసి బయటపెట్టాలె. గిది చదివి నాకు నవ్వొచ్చింది. అంత పెద్ద కంపెనీలకు మీ సరుకు ఎవరు చేసిన్రు అని అడుగుతున్నరు. మనల్ని ఎవరూ అడగరు. కాని మన సంఘాలు ఏమన్న చిన్నయా? వడ్ల కొనుగోలు సెంటర్లు మనం నడుపుతున్నం. బడి పిల్లల బట్టలు కుడుతున్నం. ఇండ్లకు అప్పులిస్తున్నం. మన పైసలు బట్టీల దాక పోతనే ఉన్నయి.

అందుకే మా వీవోల ఒక తీర్మానం పెట్టిన. ఇంటికి లోన్ తీసుకునే సభ్యురాలు ఇటుక కొనేముందు బట్టీకి స్వయంగ పోవాలె. కూలోళ్లకు వాళ్ల లెక్క కాగితం చేతికి ఇస్తున్నరా, దవాఖానకు, అంగడికి అందరూ కలిసి పోనిస్తున్నరా, పిల్లలు బడికి పోతున్నరా అని అడగాలె. వడ్ల సెంటర్ల హమాలీలది కూడ ఇట్లనే, వాళ్ల కూలి మేస్త్రీకి ఇచ్చి ఊకోవద్దు, ఎవరి పైసలు వాళ్లకే అందుతున్నయా చూడాలె.

తీర్మానం ఊకనే కాలేదు. ఇటుక రేటు పెరిగితే నువ్వు కడ్తవా అని ఒకామె లేచింది. ఇంకొకామె చిన్నాయనకే బట్టీ ఉన్నది, ఆమె రెండు నెలలు నాతోటి మాట్లాడలే. నిజంగనే రేటు పెరగొచ్చు. మా ఇంటికి 12 వేల ఇటుకలు పట్టినయి, రూపాయి లెక్కన 12 వేలు. నాకది తక్కువ పైస కాదు, మీకూ కాదు. ఆఖరికి పదకొండు మంది సరే అన్నరు, నలుగురు వద్దన్నరు.

తర్వాత నేను, ఆశా చెల్లె కలిసి ఆ బట్టీకి మళ్ల పోయినం. అప్పటికి వాన పడ్డది, సీజన్ అయిపోయింది. గుడిసెలు కూలగొట్టి ఉన్నయి. వాచ్‌మెన్‌ను అడిగితే అందరు ఊరికి పోయిన్రు అన్నడు. ఆ జ్వరం ఆమెకు ఏమైందో, ఆమె చేతికి ఎంత వచ్చిందో, ఏమన్న వచ్చిందో లేదో నాకు తెల్వది. ఆమె పేరు కూడ నేను అడగలే.

దీపావళి అయినంక మళ్ల రైళ్లు వస్తయి. మీ ఊరి పక్కన బట్టీ ఉంటే ఆశా చెల్లెను, అంగన్‌వాడీ టీచర్‌ను తోడు తీస్కొని ఒక్కపాలి పోయి రాండ్రి. ఒక్కరే పోకుండ్రి, కొట్లాట పెట్టుకోకుండ్రి. పిల్లలు పని చేస్తుంటే 1098కి ఫోన్ కొట్టుండ్రి. పెద్దోళ్ల సంగతి అయితే రాసి, వీవో ముద్రేసి, ఆర్డీవో ఆఫీసుల ఇచ్చి రసీదు తీసుకోండ్రి. దరఖాస్తు నమూనా ఒకటి రాసి తెచ్చిన, తిండి దగ్గర ఇస్తా. చదువు రానోళ్లు నా పక్కకు రాండ్రి, కూసొని నింపుదాం.