బంజరు నేలలో నూరు గింజలు



ఐరాల నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము నా యెదుట ఉన్నది. వాళ్ళ మూడవ బోరు కూడా ఎండిపోయిందట. మామిడి చెట్లు నిలువునా మాడిపోతున్నాయట. భర్త రాత్రంతా నిద్ర లేక వాకిట్లో కూర్చుంటున్నాడట. చివరన ఆమె అడిగిన ప్రశ్న నన్ను కలచివేసింది: "అయ్యగారూ, మా ఆయనకు విశ్వాసము తగ్గిపోయిందంటారా?"

లేదమ్మా. ఆ మాట ఎవరైనా అని ఉంటే మనస్సులో పెట్టుకోవద్దు. ఏలీయా అంతటి ప్రవక్త బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చాలు, చచ్చిపోతే మేలని మొరపెట్టుకొన్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతచేత రొట్టెను, నీళ్ళను పంపించాడు. తరువాతనే మాట్లాడాడు. మనమేమో ముందు ప్రసంగము చేస్తాము!

ఈ ఉత్తరము చదివినప్పుడు నేను చూసిన ఒక బొమ్మల చిత్రము జ్ఞాపకము వచ్చింది. బొమ్మల సినిమా అంటే పిల్లల సంగతి అనుకోవద్దు. కెనడాలో ఫ్రెడరిక్ బాక్ అనే చిత్రకారుడు ఉండేవాడు. అడవులు, నదులు పాడైపోతున్నాయన్న బెంగ ఆయనకు జీవితమంతా ఉండేది. ఆ బెంగనే 1987లో "చెట్లు నాటిన మనిషి" అన్న అరగంట చిత్రముగా చేశాడు. అయిదేళ్ళకు పైగా శ్రమించి, ఒక సహాయకురాలిని మాత్రము పెట్టుకొని, రంగు పెన్సిళ్ళతో సుమారు 20,000 బొమ్మలు గీశాడు. బొమ్మల మీద చల్లే రసాయనము వలన ఒక కంటి చూపు పోయినా పని మానలేదు. 1988లో దానికి ఆస్కార్ వచ్చింది.

కథ ఫ్రెంచి రచయిత జాఁ జియోనో 1953లో వ్రాసినది. భార్యను, కుమారుని పోగొట్టుకొన్న ఒక గొఱ్ఱెల కాపరి. ఊళ్ళు పాడుబడి, ఊటలు ఎండి, ఎప్పుడూ గాలి కొట్టే కొండ నేల. అక్కడి మనుష్యులు ఒకరితో ఒకరు కలహించుకొంటూ, కొందరు ప్రాణాలే తీసుకొంటున్నారు. కాపరి రాత్రి దీపము దగ్గర కూర్చొని సింధూర వృక్షపు గింజలను ఏరి, మంచివి నూరు లెక్కపెట్టుకొంటాడు. తెల్లవారి ఇనుప కడ్డీతో గుంట చేసి ఒక్కొక్కటి నాటుతాడు. ఆ నేల ఎవరిదని కూడా అడగడు. మూడేళ్ళలో లక్ష నాటితే మొలిచినవి ఇరవై వేలు. వాటిలోనూ సగము పోతాయని అతనికి తెలుసు. మరొక ఏడు వేరే జాతివి పదివేలకు పైగా నాటితే, ఒక్కటీ బ్రదకలేదు! మరుసటి యేడు మరొక జాతి మొక్కలు పెట్టాడు.

ఈ పదివేల మొక్కల దగ్గరే నేను ఆగిపోయాను. చాలామందికి చివర వచ్చే పచ్చని అడవి, మళ్ళీ పారే వాగు నచ్చుతాయి. చిత్రము మొదట మట్టి రంగులో ఉండి పోను పోను పచ్చబడుతుంది, నిజమే. మన బాహుదా నదిలో ఇసుకను చూసి అలవాటైన కండ్లకు ఆ నీళ్ళు ఎంత బాగుంటాయో! కాని మూడు బోర్లు ఎండినవానికి కావలసినది ఆ ఎండిపోయిన మొక్కల సంగతి.

కాపరి కల్పిత పాత్ర. జియోనోయే ఆ మాట ఒప్పుకొన్నాడు. బాక్ మాత్రము కల్పితుడు కాడు. తన చేతులతో వేలాది చెట్లు నాటి, 2013 క్రిస్మస్ ముందురోజున, 89వ యేట కన్నుమూశాడు. కథలో కాపరి కూడా 89వ యేటనే పోతాడు.

ప్రభువు కొండమీద చింతను గూర్చి చెప్పినప్పుడు పిట్టలను, అడవిపువ్వులను చూపించాడు గదా. చూడడానికి కొంత నిలకడ కావాలి. నిద్ర లేనివానికి అది కష్టము. కనుక, అమ్మా, ముందు ఆయనను డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళండి. ప్రభుత్వము వారి 14416 నంబరుకు ఫోను చేసినా డబ్బు లేకుండా తెలుగులో మాట్లాడతారు. అప్పుల కాగితాలు రాత్రిపూట ముందర వేసుకోనివ్వకండి. వానలు పడినప్పుడు గట్టు మీద నాలుగు కానుగ, చింత గింజలు వేయమనండి. నీళ్ళు పెద్దగా అడగవు.

వచ్చే నెల చిత్తూరు కూటములకు వస్తున్నాను. ఒక సాయంత్రము ఐరాల వచ్చి, మీ వాకిట్లో ఆయన ప్రక్కన కాసేపు కూర్చుంటాను. ప్రసంగము చేయనని ఆయనతో చెప్పండి.