చదివిన మనిషి ఏమంది?

(అమరాపురంలో పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పత్రిక ఎంతమందికి చేరిందో మనం లెక్కలేసుకుంటాం. చదివిన స్త్రీ ఏమందో మాత్రం అడగం.

నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తుచేసుకోండి. అక్షరాస్యతా తరగతిలో సారా మీద పాఠం విన్న స్త్రీలు, ఇది మా ఇంటి కథే అనుకున్నారు. పుస్తకం మూసి ఇళ్ళకు పోలేదు. చర్చించారు, కలిసి వెళ్ళి సారా దుకాణం మూయించారు. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. కలిసి చదవటంలో ఉన్న బలం అది.

2001లో చిత్తూరు జిల్లా పొదుపు సంఘాల స్త్రీలు మరో అడుగు వేశారు. 'నవోదయం' పత్రికకు తామే విలేఖరులయ్యారు.

తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఈ ఊళ్ళో పత్రిక పంచి ఊరుకుంటే చాలదు. సంఘంలో ఒకరు పైకి చదవాలి, కన్నడంలోనూ చెప్పాలి. రాయలేని అక్క చెప్తే ఆమె మాటల్లోనే రాసి, తిరిగి చదివి వినిపించాలి. పేరు వెయ్యాలో వద్దో ఆమే చెప్పాలి. భర్త కొట్టాడని చెప్పిన మనిషి రాత్రికి ఆ ఇంటికే వెళ్ళాలి కదా!

నేను చేసిన తప్పొకటి చెప్తాను. ఒక చెల్లెలి ఉత్తరాన్ని 'తర్వాత చూద్దాం' అని పక్కన పెట్టాను. మూడు నెలలకు జవాబు రాశాను. ఆమె మళ్ళీ రాయలేదు. ఏమైందో ఇప్పటికీ తెలియదు.

అందుకే అడుగుతున్నాను: వచ్చే సంచికలో రెండు పేజీలు మీవి. ఎవరు మొదలుపెడతారు?