వాపిటీ నుంచి మిగ్-25 దాకా

ప్రియమైన పట్టభద్రులారా,

మీలో కొందరు రేపోమాపో గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో కొలువులో చేరతారు, కొందరు విదేశాలకు విమానం ఎక్కుతారు. మీకంటే చిన్న వయసులోనే ఈ ఊరి కుర్రాడొకరు యుద్ధవిమానం ఎక్కారు. ఆయన ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923లో హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1942లో పద్దెనిమిదేళ్లకే వైమానిక దళంలో చేరారు.

యుద్ధవిమానాలతో ఈ నగరానికి అప్పటికే చుట్టరికం ఉంది. 1918లో నిజాం ఇచ్చిన డబ్బుతో సమకూరిన డీహెచ్-9ఏ బాంబర్లతో బ్రిటిష్ దళపు 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ వెళ్లింది. దాని పేరులో ‘హైదరాబాద్’ చేరింది. విమానానికి ఇద్దరే: ముందు పైలట్, వెనక తుపాకీతో పరిశీలకుడు. ఆ జంటల్లో ఎందరో తిరిగిరాలేదు. అదే స్క్వాడ్రన్ 1939 సెప్టెంబర్ 4న జర్మన్ యుద్ధనౌకలపై దాడికి వెళ్లింది, తర్వాత బర్మా పోరుకు వచ్చింది.

లతీఫ్ కూడా 1944లో బర్మా పోరులో ఉన్నారు. అంతకుముందు కరాచీ తీరంలో, ఒకదానిపై ఒకటిగా రెక్కలుండే పాతకాలపు వాపిటీ విమానం నడుపుతూ జలాంతర్గాముల కోసం సముద్రాన్ని గాలించారు.

1947లో దేశంతోపాటు దళమూ చీలింది. తోటి పైలట్లు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్‌కు రమ్మని పిలిచారు. మతం వేరు, దేశం వేరని లతీఫ్ ఇక్కడే ఉండిపోయారు. వాళ్లిద్దరూ ఒకరి తర్వాత ఒకరు పాకిస్తాన్ వైమానిక దళాధిపతులయ్యారు. లతీఫ్ 1978లో మన దళానికి అధిపతి అయ్యారు. 1947లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఆ నిర్ణయం అంత స్పష్టంగా తీసుకోగలగడం గొప్ప సంగతి.

కాన్‌బెర్రా బాంబర్లకు వయసైపోతున్న రోజులవి. శత్రుభూభాగంలోకి లోతుగా చొచ్చుకెళ్లే జాగ్వార్ విమానాలు 1979లో ఆయన హయాంలోనే వచ్చాయి. 1981లో పదవీ విరమణకు ముందు, ధ్వనికంటే రెండు రెట్లకు మించిన వేగంతో వెళ్లగల మిగ్-25లో ఎగిరారు. వాపిటీ వేగం గంటకు రెండొందల చిల్లర కిలోమీటర్లు! ఈ రెంటి మధ్య ఆయన ఎన్నిసార్లు మళ్లీ విద్యార్థి అయివుంటారో ఊహించండి.

తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశారు. ఆయన భార్య బిల్కీస్ ముంబై ధారావి మురికివాడల్లో సేవచేశారు, 2009లో పద్మశ్రీ అందుకున్నారు. లతీఫ్ 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

ఇక మీకో పని. సైనిక్‌పురిలో, సికింద్రాబాద్ వీధుల్లో ఇలాంటి కథలున్న విశ్రాంత సైనికులు ఇంకా ఎందరో ఉన్నారు. తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే సాంకేతికత మీ చేతుల్లో ఉంది. ఒక ఆదివారం వెళ్లి, వాళ్ల అనుమతితో, వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయండి. పదవుల గురించి కాదు, తమ పక్కన నిలిచిన మనిషి గురించి అడగండి.